హోమ్ లోన్ ఇప్పించేవాళ్లు ఎవరి తరఫున పనిచేస్తారు?

ఫ్లాట్‌కు టోకెన్ అడ్వాన్స్ ఇచ్చిన మర్నాటి నుంచే ఫోన్లు మొదలవుతాయి. బిల్డర్ ఆఫీసు నుంచి ఒకరు, బ్యాంకు నుంచి అంటూ ఒకరు, "మీ ఫైల్ నేను చూసుకుంటాను సార్" అంటూ తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన మరొకరు. ఫైల్ కదిలేకొద్దీ బ్యాంకు తరఫున కాగితాలు చూసే ప్యానెల్ లాయరు, ఆస్తి విలువ కట్టే వాల్యూయర్, ఇంటికొచ్చి ఫొటో తీసుకెళ్లే కుర్రాడు, ఇన్సూరెన్స్ ఫారం మీద సంతకం పెట్టించే మనిషి వస్తారు. ఇరవై ఏళ్లపాటు నెలనెలా కట్టాల్సిన అప్పు ఇంతమంది చేతుల మీదుగా నడుస్తుంది. వీళ్లలో నిజంగా సాయం చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ అప్పు తీసుకునేవారి మేలు కోసమే పనిచేయాలన్న చట్టపరమైన బాధ్యత మాత్రం మన దేశంలో వీళ్లలో ఎవరి మీదా లేదు. అందుకే ఎవరికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఎవరి అధికారం ఎక్కడితో ఆగుతుంది అన్నది మొదటి సంతకానికి ముందే తెలుసుకోవాలి.

అందరికంటే ముందు కనిపించేది డీఎస్ఏ, అంటే బ్యాంకు లేదా హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీతో ఒప్పందం చేసుకుని కస్టమర్లను తెచ్చే డైరెక్ట్ సెల్లింగ్ ఏజెంట్. కొన్ని బ్యాంకుల్లో వీళ్లను హోమ్ లోన్ కౌన్సిలర్లు అంటారు. కొందరు ఒకే బ్యాంకుకు పనిచేస్తారు, కొందరి దగ్గర అరడజను సంస్థల కోడ్‌లు ఉంటాయి. పెద్ద డీఎస్ఏల కింద సబ్ ఏజెంట్లూ ఉంటారు. ఇంటికి వచ్చి కాగితాలు తీసుకునే మనిషికి బ్యాంకుతో నేరుగా సంబంధం లేకపోవచ్చు, అతని పైవాడికి ఉండొచ్చు. బ్యాంకు ఉద్యోగులైన సేల్స్ ఎగ్జిక్యూటివ్‌ల సంగతి వేరు. వాళ్లది జీతం, దాని మీద టార్గెట్, ఇన్సెంటివ్. చేతిలో బ్యాంకు లోగో ఉన్న కార్డు చూసి ఇద్దరూ ఒకటే అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. "మీరు ఉద్యోగులా, ఏజెంటా? ఏజెంటైతే ఎవరి కోడ్ మీద ఫైల్ వేస్తున్నారు?" అని అడగడంలో మొహమాటం అవసరం లేదు. సంస్థ వెబ్‌సైట్‌లోనో, బ్రాంచిలోనో ఆ కోడ్ నిజమో కాదో సరిచూసుకోవచ్చు.

డీఎస్ఏకి కమిషన్ ఇచ్చేది అప్పిచ్చే సంస్థ. లోన్ డబ్బు విడుదలయ్యాక, విడుదలైన మొత్తంలో ఇంత శాతం అని లెక్కగడతారు. హోమ్ లోన్లలో ఇది సాధారణంగా ఒక శాతం లోపే ఉంటుంది. శాతం చిన్నదే, కానీ సలహా ఎటువైపు మొగ్గుతుందో చెప్పడానికి అది చాలు. లోన్ పెద్దదైతే ఏజెంటుకు లాభం. త్వరగా విడుదలైతే లాభం. కమిషన్ ఎక్కువిచ్చే సంస్థకు ఫైల్ వెళ్తే లాభం. రెండేళ్ల తర్వాత అదే లోన్‌ను ఇంకో బ్యాంకుకు మార్పించి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేయిస్తే మళ్లీ లాభం. వడ్డీ అర శాతం తగ్గితే మాత్రం అతనికి వచ్చేది ఏమీ లేదు. అప్పు తీసుకునేవారికి ఆ అర శాతమే పెద్ద విషయం. 40 లక్షల లోన్, 20 ఏళ్ల గడువు తీసుకుంటే 8.5 శాతం వడ్డీకి ఈఎంఐ సుమారు 34,700 రూపాయలు, 9 శాతానికి సుమారు 36,000. నెలకు తేడా 1,276. వడ్డీ అలాగే ఉంటే 20 ఏళ్లకు అది 3 లక్షలు దాటుతుంది. ఏజెంటు మంచివాడా చెడ్డవాడా అన్న చర్చ కంటే ఈ లెక్క ముఖ్యం. మంచివాడైనా అతని ఆదాయం ఈ లెక్కలో మన పక్కన లేదు.

ఇక అధికారం. "మేనేజర్ మనవాడే, శాంక్షన్ గ్యారంటీ" అన్న మాట చాలా ఊళ్లలో వినిపిస్తుంది. బ్యాంకుల ఔట్‌సోర్సింగ్ మీద రిజర్వు బ్యాంకు 2006లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి: లోన్ మంజూరు చేసే నిర్ణయాన్ని బ్యాంకు బయటివాళ్లకు అప్పగించకూడదు, ఏజెంట్ల చేతలకు బ్యాంకే బాధ్యత వహించాలి. పైగా పెద్ద బ్యాంకుల్లో హోమ్ లోన్ ఫైళ్లు ఎక్కువగా బ్రాంచిలో తేలవు. స్టేట్ బ్యాంకులో అయితే ఆర్ఏసీపీసీ అనే కేంద్రీకృత ప్రాసెసింగ్ సెంటర్‌కు వెళ్తాయి. అక్కడి క్రెడిట్ అధికారి దరఖాస్తుదారుణ్ని చూడనే చూడడు. జీతం, ఇతర ఈఎంఐలు, సిబిల్ రిపోర్టు, ఆస్తి కాగితాలు మాత్రమే చూస్తాడు. ఏజెంటు చేయగలిగింది కాగితాలు సరిగ్గా పేర్చడం, ఏది తక్కువైందో ముందే చెప్పడం, ఫైల్ ఎక్కడ ఆగిందో కనుక్కోవడం. అది పనికిరాని పనేమీ కాదు, కానీ దానికి గ్యారంటీ ధర వేయకూడదు.

"లాగిన్ ఛార్జీ", "ఫైల్ ఖర్చులు" అంటూ అప్పు తీసుకునేవారి నుంచి ఫోన్‌పేలో డబ్బు అడిగే ఏజెంట్లు ఉన్నారు. బ్యాంకుల సంఘం ఐబీఏ రూపొందించిన డీఎస్ఏల ప్రవర్తనా నియమావళి ప్రకారం ఏజెంటు కస్టమర్ నుంచి బహుమతులు గానీ లంచాలు గానీ తీసుకోకూడదు. ఉదయం 9.30కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయడం కూడా మామూలుగా కూడదు. ప్రాసెసింగ్ ఫీజు ఏదైనా అప్పిచ్చే సంస్థ ఖాతాకే వెళ్లాలి, దానికి సంస్థ రసీదు రావాలి. లోన్ వచ్చాక ఒక శాతమో రెండు శాతమో తనకు ఇవ్వాలని ఏజెంటు అడిగాడంటే, ఒకే పనికి రెండు వైపుల నుంచి తీసుకుంటున్నాడని అర్థం.

సిబిల్ విషయంలో ఏజెంట్ల వల్ల జరిగే నష్టం చాలామంది గమనించరు. "నాలుగు చోట్ల లాగిన్ చేద్దాం, ఎక్కడ వస్తే అక్కడ తీసుకుందాం" అన్నది మార్కెట్లో మామూలు మాట. అలా వేసిన ప్రతి దరఖాస్తుకూ ఆ సంస్థ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుంటుంది, ఆ విచారణ రిపోర్టులో నమోదవుతుంది. తక్కువ వ్యవధిలో అవి వరుసగా కనిపిస్తే తర్వాత చూసే బ్యాంకుకు అనుమానం వస్తుంది, స్కోరు కూడా తగ్గవచ్చు. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఏజెంటుకు పాన్ కార్డు కాపీ ఇచ్చే ముందే ఆ రిపోర్టు తెచ్చుకుని చూడటం మంచిది. తప్పుడు ఎంట్రీ ఉంటే బ్యూరోకి నేరుగా ఫిర్యాదు చేసి సరిచేయించుకోవచ్చు, దానికి ఖర్చు లేదు. "స్కోరు పెంచిస్తాం" అని వేలకు వేలు తీసుకునేవాళ్లకు ఇంతకు మించిన దారి ఏదీ లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది కాగితాలు "తయారు చేయడం". జీతం సరిపోకపోతే పే స్లిప్ మార్చడం, లేని వ్యాపారానికి ఐటీ రిటర్నులు వేయించడం, బ్యాంకు స్టేట్‌మెంట్ దిద్దడం. ఇవన్నీ చేసిపెట్టే ఏజెంటు దరఖాస్తు మీద సంతకం పెట్టడు. సంతకం అప్పు తీసుకునేవారిది. బయటపడ్డ రోజున మోసం, ఫోర్జరీ కేసులో మొదట ఉండే పేరూ వారిదే. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇవ్వకూడదని చెప్పడానికి కారణం ఇదే.

ఇంత చెప్పాక డీఎస్ఏ అవసరమే లేదనుకోవడం కూడా సరికాదు. నెల జీతం ఉద్యోగి, హెచ్ఎండీఏ లేదా సీఆర్‌డీఏ పరిధిలో అన్ని అనుమతులున్న ఫ్లాట్ కొంటుంటే నేరుగా రెండు మూడు బ్యాంకులకు వెళ్లడమే మేలు. ఆ ఫైల్‌లో ఏజెంటు అదనంగా చేయగలిగేది తక్కువ. నరసరావుపేటలోనో సూర్యాపేటలోనో కిరాణా షాపు నడిపే కుటుంబం పరిస్థితి అలా ఉండదు. ఆదాయంలో సగం నగదులో వస్తుంది, ఇల్లు గ్రామకంఠం స్థలంలో ఉంటుంది, పాత దస్తావేజులు పూర్తిగా ఉండవు. ఇలాంటి ఫైల్‌ను ఏ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ చూస్తుంది, ఏ బ్యాంకు మొదటి రోజే తిప్పి పంపుతుంది అన్నది ఆ ప్రాంతంలో ఏళ్లుగా పనిచేసిన డీఎస్ఏకి తెలుస్తుంది. ఆ అనుభవానికి విలువ ఉంది. అలాంటి లోన్లకు వడ్డీ ఎక్కువ కాబట్టి, ఎంత ఎక్కువో ఇంకో చోట కూడా అడిగి తెలుసుకోవాలి.

బిల్డర్ ఆఫీసులో కూర్చునే లోన్ మనిషి మరో రకం. బ్యాంకు ఒక ప్రాజెక్టు కాగితాలను ముందే పరిశీలించి ఆమోదిస్తే, అందులో ప్రతి ఫ్లాట్‌కూ మళ్లీ మొదటి నుంచి లీగల్ చూడాల్సిన పని ఉండదు. లోన్ త్వరగా వస్తుంది. ఆ సౌకర్యం వాడుకోవచ్చు. కానీ బిల్డర్‌కు కావలసింది వడ్డీ తక్కువున్న బ్యాంకు కాదు, డబ్బు త్వరగా విడుదల చేసే బ్యాంకు. కట్టడం ఏ దశకు వచ్చిందో దానికి తగ్గట్టే డబ్బు విడుదల చేయాలని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. శ్లాబు పడకుండానే తర్వాతి వాయిదా అడిగే డిమాండ్ లెటర్ మీద సంతకం పెట్టమంటే కుదరదని చెప్పే హక్కు కొనేవారికి ఉంది. హైదరాబాద్‌లో యూడీఎస్ (స్థలంలో విభజించని వాటా), ప్రీ లాంచ్ పేరుతో అనుమతులు రాకముందే చవకగా అమ్మే ఫ్లాట్ల సంగతి ఇంకా స్పష్టం. వాటికి బ్యాంకులు లోన్ ఇవ్వవు. "ఇప్పుడు క్యాష్ కట్టండి, లోన్ తర్వాత చేయిద్దాం" అంటున్నారంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు లేదని అర్థం చేసుకోవాలి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ప్రాజెక్టును అమ్మకూడదు, అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకముందు ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు.

ఇప్పుడు అందరూ పొరబడే మనిషి దగ్గరికి వద్దాం: ప్యానెల్ లాయరు. లీగల్ ఒపీనియన్ ఫీజు అప్పు తీసుకునేవారే కడతారు. కానీ ఆ ఒపీనియన్ బ్యాంకు కోసం రాసింది. ఎన్నో సందర్భాల్లో దాని కాపీ కూడా చేతికి రాదు. బ్యాంకుకు కావలసింది తనఖా చెల్లుతుందా అన్న భరోసా. లోన్ తీరకపోతే బ్యాంకుకు ఆ ఆస్తే కాక అప్పు తీసుకున్నవారి జీతం, సహ దరఖాస్తుదారు, హామీదారు కూడా ఉంటారు. కొన్నవారికి ఉన్నది ఆ ఇల్లు ఒక్కటే. "బ్యాంకు లోన్ ఇచ్చిందంటే కాగితాలు క్లియర్" అన్న నమ్మకం తెలుగు రాష్ట్రాల్లో ఎంత గట్టిగా పాతుకుందో 2024లో కనబడింది. హైదరాబాద్‌లో చెరువుల ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీరు చేరే హద్దు), బఫర్ జోన్లలో ఉన్నాయంటూ ప్రభుత్వ సంస్థ హైడ్రా ఇళ్లను కూల్చినప్పుడు "పర్మిషన్ ఉంది, బ్యాంకు లోన్ ఇచ్చింది కదా" అన్న ప్రశ్న బాధితుల నుంచి వచ్చింది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ ఇల్లు పోయినా ఈఎంఐ ఆగదు, లోన్ ఇచ్చినందుకు బ్యాంకు టైటిల్‌కు, అంటే యాజమాన్య హక్కుకు పూచీ పడదు.

అందుకని కొన్ని వేల రూపాయలు వేరుగా పెట్టి సొంత లాయరుకు కాగితాలు చూపించుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తెలివైన ఖర్చు. ప్యానెల్ లాయరు చూసేదే చూసినా, ఇతను జవాబు చెప్పేది కొనేవారికి. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) ఎవరైనా చూస్తారు. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరుకుతుంది కాబట్టి అంతకుముందు లావాదేవీలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత రికార్డుల నుంచి తీయించాలి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా? ఒకప్పుడు అసైన్డ్ భూమా, వక్ఫ్ లేదా దేవాదాయ భూమా? జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) హోల్డర్ అమ్ముతుంటే అసలు యజమాని బతికే ఉన్నారా? వారసత్వ ఆస్తిలో ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా? అమ్మేవారి పేరు మీద ఈ-కోర్ట్స్‌లో కేసులున్నాయా? చెరువు మ్యాపులో ఆ స్థలం ఎక్కడుంది? ఈ ప్రశ్నలన్నీ అడిగి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోవాలి. అది కూడా అడ్వాన్స్ పెద్ద మొత్తంలో ఇవ్వకముందే.

వాల్యూయర్ పాత్ర దీనికి దగ్గరగానే ఉంటుంది. అతని ఫీజూ మన జేబులోంచే వెళ్తుంది, రిపోర్టు బ్యాంకుకు వెళ్తుంది. కానీ దాని ప్రభావం వెంటనే చేతికి తగులుతుంది. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 30 లక్షల వరకు లోన్‌కు ఆస్తి విలువలో గరిష్ఠంగా 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం మాత్రమే ఇవ్వొచ్చు. ఒప్పందపు ధర, వాల్యూయర్ కట్టిన విలువలో ఏది తక్కువైతే బ్యాంకులు మామూలుగా దాన్నే తీసుకుంటాయి. 60 లక్షల ఫ్లాట్‌కు 48 లక్షల లోన్ వస్తుందని లెక్కేసుకున్నవారికి, వాల్యూయర్ 54 లక్షలే రాస్తే వచ్చేది 43 లక్షల 20 వేలు. 4 లక్షల 80 వేలు చివరి నిమిషంలో ఎక్కడి నుంచో తేవాలి. దీనికి తోడు రెండు రాష్ట్రాల్లోనూ సుమారు 7.5 శాతం ఉండే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను చాలావరకు సొంతంగానే పెట్టుకోవాలి. పర్సనల్ లోన్లు, చిట్టీలు, బంధువుల దగ్గర చేబదుళ్లు మొదలయ్యేది ఇక్కడే. అందుకే వాల్యుయేషన్ అయ్యేదాకా అమ్మేవారితో గడువు మీద గట్టి మాట ఇవ్వకుండా ఉండటం, లోన్ రాకపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలని అగ్రిమెంట్‌లో రాయించుకోవడం అవసరం.

ఈ లోటు పూడ్చడానికి మధ్యవర్తులు సూచించే దారి ఒకటుంది: లోన్ కోసం ఎక్కువ ధరతో ఒక అగ్రిమెంటు, రిజిస్ట్రేషన్‌కు తక్కువ ధరతో ఇంకో దస్తావేజు. మన దగ్గర ఇది ఎంత మామూలైనా, బ్యాంకుకు తప్పుడు ధర చూపడం మోసమే. మిగతాది నగదులో ఇచ్చిపుచ్చుకోవడం మరో చిక్కు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. ఇలాంటి సలహా ఇచ్చిన ఏజెంటును అక్కడితో వదిలేయడం మంచిది.

ఇంటికి, ఆఫీసుకు వచ్చి వివరాలు సరిచూసేవాళ్లు బ్యాంకు నియమించిన వెరిఫికేషన్ ఏజెన్సీల మనుషులు. వాళ్లకు నిజం చెబితే చాలు, డబ్బు ఇవ్వాల్సిన పనిలేదు.

శాంక్షన్ దశలో కనిపించే చివరి మనిషి ఇన్సూరెన్స్ అమ్మేవాడు. చాలాసార్లు అతను బ్యాంకు ఉద్యోగే. ఇంటికి అగ్నిప్రమాదం లాంటి వాటిపై బీమా బ్యాంకు అడగడం సహజమే. లోన్‌తో కలిపి అమ్మే జీవిత బీమా సంగతి వేరు. సింగిల్ ప్రీమియం లక్షల్లో ఉంటుంది, దాన్ని లోన్‌లోనే కలిపేస్తారు, దాని మీదా 20 ఏళ్లు వడ్డీ కట్టాలి. "ఇది లేకపోతే శాంక్షన్ రాదు" అన్న మాట నోటితో చెబుతారు, రాసివ్వరు. ఫలానా కంపెనీ పాలసీయే తీసుకోవాలని బ్యాంకు బలవంతం చేయకూడదు. కుటుంబానికి రక్షణ తప్పకుండా కావాలి, సంపాదించేవారు ఒక్కరే ఉన్న ఇంట్లో అది మరీ ముఖ్యం. అయితే విడిగా తీసుకున్న టర్మ్ పాలసీ ప్రీమియంతో పోల్చి చూశాకే సంతకం పెట్టాలి.

ఇంతమంది చెప్పే మాటలను ఒకచోట సరిచూసుకోవడానికి ఇప్పుడు ఒక కాగితం ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ టర్మ్ లోన్లన్నిటికీ అప్పిచ్చే సంస్థ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, ఇన్సూరెన్స్ వంటి ఖర్చులన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో చూపాలి. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదివి ఆలోచించుకోవడానికి కనీసం 3 పనిదినాల గడువుండాలి. అందులో లేని ఛార్జీని తర్వాత వారి స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయకూడదు. వడ్డీ "పాయింట్ రెండు శాతం తక్కువ" అని ఏజెంటు చెప్పింది నిజమో కాదో తేల్చేది ఈ కాగితమే. రెండు సంస్థల స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి చూస్తే సలహాదారు లేకుండానే సగం నిర్ణయం తేలిపోతుంది. ఆన్‌లైన్‌లో పలు బ్యాంకుల లోన్లు చూపే సైట్లు, యాప్‌లు కూడా నిజానికి ఏజెంట్లే. 2025 నవంబరు నుంచి అవి కమిషన్ బాగా వచ్చేదాన్ని ముందుకు తోయకుండా, సరిపోయే ఆఫర్లన్నిటినీ పక్షపాతం లేకుండా చూపాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఇక్కడి తీరు కొత్తగా అనిపించడానికి కారణం ఉంది. ఆస్ట్రేలియాలో మార్ట్‌గేజ్ బ్రోకర్ కస్టమర్ మేలుకే పనిచేయాలన్నది 2021 జనవరి 1 నుంచి చట్టం. అమెరికాలో లోన్ ఆఫీసర్‌కు ఎన్ఎంఎల్ఎస్ అనే లైసెన్సు రిజిస్ట్రీలో నంబరు ఉంటుంది, దరఖాస్తు చేసిన 3 పనిదినాల్లో లోన్ ఎస్టిమేట్ రావాలి, వడ్డీ పెంచితే అతని కమిషన్ పెరిగే పద్ధతి నిషేధం. ఆ అలవాటుతో ఇక్కడి ఏజెంటును తమ మనిషి అనుకుని డల్లాస్ నుంచో సిడ్నీ నుంచో పవర్ ఆఫ్ అటార్నీ అతని పేరే రాసిచ్చేవాళ్లు ఉన్నారు. అలా అస్సలు చేయకూడదు. ఆ అధికారం కుటుంబంలో నమ్మకమున్న మనిషికి, ఈ ఒక్క ఆస్తికి, ఈ ఒక్క లోన్‌కు మాత్రమే పరిమితం చేసి రాయాలి. మన దేశంలో ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటుకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. ఇంటికి లోన్ ఇప్పించే ఏజెంటుకు అలాంటి సొంత లైసెన్సు, కస్టమర్ పట్ల బాధ్యత ఇంకా లేవు. ఆ లోటును రిజర్వు బ్యాంకు త్వరగా పూడ్చాలి.

గొడవ వస్తే ఏజెంటుతో వాదించి లాభం లేదు. ఫిర్యాదు ముందు అప్పిచ్చిన సంస్థకు రాతపూర్వకంగా వెళ్లాలి, ఎందుకంటే అతని పనికి బాధ్యత ఆ సంస్థదే. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకులైతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. హెల్ప్‌లైన్ నంబరు 14448. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు నేషనల్ హౌసింగ్ బ్యాంకు తీసుకుంటుంది. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తిగతంగా తీసుకున్న హోమ్ లోన్‌ను ముందే తీర్చేస్తే పెనాల్టీ వేయకూడదు. అంతా తీరాక అసలు దస్తావేజులను 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, సంస్థ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఈ నియమం అమల్లో ఉంది. లోన్ ఇప్పించిన ఏజెంటు అప్పటికి ఏ కంపెనీలో ఉంటాడో తెలియదు కాబట్టి, తాకట్టు పెట్టిన రోజే ఏయే దస్తావేజులు ఇచ్చారో జాబితా రాయించి, బ్యాంకు స్టాంపు వేయించుకుని ఇంట్లో దాచుకోవాలి.